సాంచకు పౌడర్ పూసిన ఆదివారం

మా ఆఫీసులోని లేజర్ స్కానర్ ఇస్త్రీ పెట్టె కన్నా కాస్త పెద్దగా ఉంటుంది. చేత్తో పట్టుకుని ఏదైనా వస్తువు చుట్టూ తిప్పితే నీలం గీతలు దాని ఒంటి మీద పాకుతాయి. అది ఎక్కడ ఉబ్బిందో, ఎక్కడ అరిగిందో అంతా లాప్‌టాప్‌లోకి ఎక్కిపోతుంది. వెంట్రుక మందంలో సగం తేడా ఉన్నా పట్టేస్తుంది. ఈ మాట నేను ఎక్కడికి పోయినా చెప్పేదాన్ని. అడగని వాళ్లకు కూడా చెప్పేదాన్ని.

కరీంనగర్‌లో మాది చిన్న సంస్థ. మా సార్, నేను, ఇంకో ఇద్దరు. స్పేర్ పార్టులు దొరకని పాత యంత్రాల భాగాలను కొలిచి, బొమ్మ గీసి, కొత్తవి కోయించి ఇవ్వడం మా పని. శ్రీరాంపూర్ గనుల్లో వాడే పంపుల రెక్కలు కొలిచాం. ధర్మపురిలో చెదలు తిన్న పాత దర్వాజా ఒకటి బాగుచేయాలంటే, దాని మీది చిలుకలనూ లతలనూ ఒక్కటి వదలకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించాం. ఎక్కడికి పోయినా నీలం కాంతి కనబడగానే చుట్టూ మంది చేరతారు. ఒక వర్క్‌షాపులో ఒక పెద్దాయన ప్యాంటు మోకాలి పైదాకా మడిచి, స్టూలు లాక్కుని నా ముందు కూర్చున్నాడు. ఇది ఎక్స్‌రే కాదు, పైపైనే చూస్తుందని ఎంత చెప్పినా లేవలేదు. చివరికి మోకాలిని స్కాన్ చేసి తెర మీద చూపించాను. చాలాసేపు పరీక్షగా చూసి, తను అనుకున్నట్టే అరిగిందని తలాడిస్తూ వెళ్లిపోయాడు.

మా ఇల్లు కరీంనగర్ నుంచి గంటసేపు బస్సు దూరంలో, నేతవాళ్ల ఊళ్లో. మరమగ్గాలను మా వైపు సాంచాలంటారు. మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆరు సాంచాలున్నాయి. బాపు, అంటే మా నాన్న, పెళ్లి కాకముందు నుంచి వాటినే నడుపుతున్నాడు. ఆ చప్పుడులో పుట్టి పెరిగిన వాళ్లం కాబట్టి ఇంట్లో అందరం గట్టిగా మాట్లాడతాం. పక్కింటివాళ్లు కొట్లాట అనుకోరు. వాళ్లూ అంతే.

అమ్మను మేము అవ్వ అంటాం. ఆమె నేతకు కావాల్సిన నూలు కండెలు చుడుతుంది. నేను పుట్టకముందు మోటారు రాట్నం బెల్టులో ఆమె ఉంగరం వేలు పడింది. కట్టు కట్టినాయన వేలును బతికించాడు గానీ సాపు చేయలేకపోయాడు. అది చిటికెన వేలు వైపు వంగి అట్లాగే ఉండిపోయింది. అవ్వ అందరికీ బొట్టు పెట్టేది ఆ వేలితోనే. నొసటి మీద ఒత్తి తీసేటప్పుడు ఆ వంకర పక్కకు ఈడ్చుకుపోయి బొట్టుకు తోక వస్తుంది. బడిలో నన్ను తోక బొట్టుదని పిలిచేవాళ్లు. నేను ఏడుస్తూ ఇంటికొస్తే, తోక ఉంటే దేవుడు పట్టుకోవడానికి వీలుగా ఉంటుందని అవ్వ సర్దిచెప్పేది. ఆమెకు సంతకం రాదు. బ్యాంకులో వేలిముద్ర వేయమంటే అలవాటుగా ఆ వంకర వేలే చాపుతుంది. అది కాదమ్మా, బొటనవేలు అని వాళ్లు రెండుసార్లు చెప్పాలి.

ఆ ఏడు దసరా ఇంకా నెల ఉందనగా మొదటి సాంచ ఆగిపోయింది. పోగులను పైకెత్తి కిందికి దించే ఇనుప చక్రం ఒకటి ఉంటుంది. పేరుకే చక్రం, ఒకవైపు మామిడికాయలా ఉబ్బి ఉంటుంది. దాన్ని ట్యాపెట్ అంటారు. అది తిరుగుతుంటేనే పోగుల మధ్య సందు తెరుచుకుని, అడ్డపోగును మోసే నాడె దూరుతుంది. ఆ ట్యాపెట్ నడుమకు చీలింది. ఆ రకం సాంచాలు తయారుచేసే కంపెనీ మూతపడి చాలా ఏళ్లయింది. సాంచాలు బాగుచేసే జాబర్ కాక వచ్చి చూశాడు. ఆయన బాపుకు చిన్ననాటి దోస్తు. మిగతా ఐదింటి ట్యాపెట్లకు కూడా సన్నటి చీలికలు మొదలయ్యాయని టార్చిలైటు వేసి చూపించాడు.

ఆ మధ్యాహ్నం బాపు అన్నం కలుపుతూ సాంచాలన్నీ పాత ఇనుముకు అమ్మేస్తానన్నాడు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అన్నాడు. అమ్మేస్తే ఏం చేస్తాడో కూడా ఆలోచించి పెట్టుకున్నాడు. వీధి చివర పెద్ద షెడ్డులో వేరేవాళ్ల సాంచాల మీద కూలికి నిలబడతాడట. నేను చేయించి తెస్తాను, మా స్కానర్‌తో కొలిస్తే వెంట్రుకంత తేడా కూడా రాదు అన్నాను. వెంట్రుక సంగతి బాపు చాలాసార్లు విన్నాడు.

"దసరా ముందటి ఐతారం దాక సూస్త బిడ్డా. ఆనాటికి నడిస్తె నడిచింది. లేకుంటె ఇనుము కొనేటాయన ఆటో ఎక్కుడే."

స్కానర్‌ను ఇంటికి తీసుకుపోతానంటే మా సార్ ఒప్పుకోరు. అందుకే నేను అడగలేదు. శనివారం సాయంత్రం అందరూ వెళ్లాక దాన్ని నల్ల పెట్టెతో సహా ఎత్తుకుని బస్సెక్కాను. కండక్టర్ పెట్టెను అటూ ఇటూ చూసి హార్మోనియమా అని అడిగాడు. అవునన్నాను. అయితే ఒక పాట పాడమని వెనక సీట్లోంచి ఎవరో అన్నారు. గొంతు బాగాలేదని చెప్పి, ఊరు వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నాను.

ఆదివారం పొద్దున షెడ్డులో పని మొదలుపెట్టాం. జాబర్ కాక చీలిన రెండు ముక్కలనూ గమ్ముతో అతికించి ఇచ్చాడు. నేను కిరోసిన్ గుడ్డతో తుడిచి మెరిసేలా చేశాను. అయితే లేజర్‌కు మెరిసే ఇనుమంటే పడదు. దాని మీద తెల్లటి పొడి పలచగా పూస్తేనే సరిగ్గా చూస్తుంది. ఆ పొడి స్ప్రే డబ్బా ఆఫీసులోనే మరిచిపోయాను. దొంగతనంగా సామాను ఎత్తుకొచ్చేటప్పుడు అన్నీ గుర్తుండవు. అవ్వ అద్దం దగ్గర ముఖానికి పూసుకునే పౌడర్ డబ్బా కనబడింది. ఇదైనా పనిచేస్తుందిలే అనుకున్నాను. అంతలో కరెంటు పోయింది. పక్కింట్లో ఇన్వర్టర్ ఉంది, అక్కడి నుంచి వైరు లాగాలి. పోతూ పోతూ పౌడర్ డబ్బా అవ్వ చేతికిచ్చి, ఎక్కడా ఇనుము కనబడకుండా పలచగా పూయమని చెప్పాను.

వైరు లాగి వచ్చేసరికి ట్యాపెట్ తెల్లగా ముస్తాబై పీట మీద కూర్చుని ఉంది. పెళ్లిపిల్ల తయారైందని అవ్వ నవ్వింది. నేను ఒక పూటంతా దాని చుట్టూ తిరిగి స్కాన్ చేశాను. పని అయిపోయాక అవ్వ దాన్ని శుభ్రంగా కడిగి దేవుని గూట్లో పెట్టింది. నేను నల్ల పెట్టెతో తిరుగు బస్సెక్కాను.

సోమవారం నేను వెళ్లేసరికి మా సార్ స్కానర్ కోసం బీరువాలన్నీ వెతుకుతున్నారు. నా చేతిలో పెట్టె చూసి నోరు తెరిచారు. ఆయన తిట్టేలోపు లాప్‌టాప్ తెరిచి ట్యాపెట్ బొమ్మ చూపించాను. అప్పుడు ఆయన కళ్లు ఒకచోట ఆగాయి. షాఫ్టు దూరే రంధ్రం పక్కన, లోపలివైపు ముఖం మీద, చింతగింజంత గుబ్బ ఉంది. మిల్లీమీటరుకు పైనే ఎత్తు. దానికి ఒక పక్కకు వంగిన చిన్న తోక. ఇదేమిటని అడిగారు.

నాకు తెలియదు. కానీ తెలియదనే మాట నా నోటికి అలవాటు లేదు. అది పాతకాలపు ఇంజినీర్ల తెలివి సార్ అన్నాను. షాఫ్టులో పోసిన నూనె బయటికి జారిపోకుండా ఆ గుబ్బ ఆపుతుంది, ఆ తోక నూనెను మళ్లీ రంధ్రం వైపు మళ్లిస్తుంది అన్నాను. చెబుతుంటే నాకే నమ్మకం కుదిరింది. సార్ ముఖంలో కోపం పోయి గౌరవం వచ్చింది. ఆ గుబ్బను తన నోట్‌బుక్‌లో గీసుకున్నారు. ఆ వారమే ఇద్దరు కస్టమర్లకు మన పూర్వీకుల ఇంజినీరింగ్ గురించి గంటసేపు చెప్పారు. నమూనాగా ఒక ట్యాపెట్‌ను సంస్థ తరఫునే కోయిస్తానన్నారు. మేము గీసే ప్రతి బొమ్మకూ అడుగున చిన్న గడి ఉంటుంది, రూపకల్పన చేసినవారు అని. అందులో నా పేరు రాసుకున్నాను. పక్క గడిలో సార్ సంతకం పెట్టారు. ఏ కాగితమైనా చదవకుండా సంతకం పెట్టడం ఆయన అలవాటు.

ఇనుము కోసే మిషన్ నడిపే అతను ఫోన్ చేసి, ఆ గుబ్బ కోసం ఒక పూట పని పెరుగుతోంది, తీసేస్తే ఏమవుతుందని అడిగాడు. అది లేకపోతే ఆ ముక్క దేనికీ పనికిరాదని గట్టిగా చెప్పాను. అతను తోకతో సహా శ్రద్ధగా చెక్కి ఇచ్చాడు.

దసరా ముందటి ఆదివారం కొత్త ట్యాపెట్‌తో ఇంటికి వెళ్లాను. ఈసారి స్కానర్‌ను అనుమతితోనే తెచ్చాను. పాత ఇనుము కొనే ఆయన ట్రాలీ ఆటోతో అప్పటికే వచ్చి ఉన్నాడు. నిదానస్తుడు. తనకేమీ తొందర లేదని, మా పని కానిమ్మని స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతూ సాంచాలను కళ్లతోనే తూకం వేస్తున్నాడు.

ట్యాపెట్ షాఫ్టు మీదికి వెన్నలా ఎక్కింది. చూశావా కాకా అన్నట్టు జాబర్ కాక వైపు చూశాను. బాపు దండం పెట్టుకుని స్విచ్ నొక్కాడు. సాంచ కదిలింది, నాడె దూకింది. మరుక్షణం లోపల టక్కుమంది. చుట్టు చుట్టుకూ టక్కు. ప్రతి టక్కుకూ పోగుల వరస అదిరి నాలుగైదు పోగులు తెగిపోతున్నాయి. కాక గబగబా ఆపేశాడు. తెగినవి ముడివేసి మళ్లీ నడిపారు. మళ్లీ టక్కు.

ముక్క ఎక్కడో పక్క మీటకు తగులుతోందన్నాడు కాక. ముక్కలో తప్పుండదు, మీటే వంగి ఉంటుందన్నాను. రుజువు చేయడానికి ట్యాపెట్‌ను విప్పించి, అక్కడే స్కాన్ చేసి, మొదటి స్కాన్‌తో పోల్చాను. తేడా ఉన్నచోట ఎర్రగా, లేనిచోట ఆకుపచ్చగా చూపిస్తుంది. తెర మీద మొత్తం ఆకుపచ్చే. లాప్‌టాప్‌ను అందరికీ తిప్పి చూపించాను. మంచి పచ్చగ ఉన్నదని ఇనుము కొనే ఆయన కూడా మెచ్చుకున్నాడు. నా తప్పును నా తప్పుతోనే పోల్చుకుని భేషుగ్గా ఉందని తేల్చుకున్నానని నాకప్పుడు తెలియదు. నేల వాలుగా ఉందన్నాను. కరెంటు ఎక్కువ తక్కువగా వస్తోందన్నాను. చివరికి కాకకు చూపు తగ్గిందని కూడా అన్నాను. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. పానా కింద పెట్టేశాడు.

బాపు తెగిన పోగులను ఒక్కొక్కటీ వేళ్లకు చుట్టి జేబులో వేసుకున్నాడు.

"పోనియ్ బిడ్డా. నీతోని అయినకాడికి జేసినవ్" అన్నాడు. తర్వాత స్టూలు మీది ఆయన వైపు తిరిగి, "ముందుగాల ఇదే ఎక్కియ్యుండ్రి" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. నిజం చెప్పాలంటే, నా స్కానర్ నలుగురిలో ఓడిపోయిందనే మొదట ఏడుపొచ్చింది. బాపు గురించి కాకుండా నా పరువు గురించి ఏడుస్తున్నానని తెలిసి, సిగ్గుతో ఇంకాస్త ఏడుపొచ్చింది.

అప్పుడే అవ్వ చాయ్ గ్లాసులు తీసుకుపోదామని వచ్చింది. బల్ల మీద విప్పిపెట్టిన కొత్త ట్యాపెట్‌ను ఆమె అంతవరకు దగ్గరగా చూడలేదు. వంగి చూసింది. గ్లాసులు కింద పెట్టి, వంకర వేలిని ఆ గుబ్బ పక్కన ఆనించి మళ్లీ చూసింది.

"ఇది నా ఏలు గాదె?" అంది.

నేను చూశాను. గుబ్బ ఎటు వంగి ఉందో వేలు అటే వంగి ఉంది. తోక ఎటు పోయిందో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు.

"అవ్వా, నువ్వు దీనికి బొట్టు పెట్టినవా?"

"పెట్టకపోతె ఎట్లనే? పౌడర్ పుయ్యుమని పోతివి. తెల్లగ, బోడి నొసలు లెక్క ఉంటె మనసొప్పలే. ఎవలి దిష్టన్న తాకుతదని పసుపు, కుంకుమ, జర నూనె కలిపి పెట్టిన. దాని మీదికెల్లి నువ్వు చెప్పినట్టే పౌడర్ పూసిన. ఎక్కడన్న ఇనుము కనవడ్డదా?"

కనబడలేదు. ఆమె నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. వెంట్రుకలో సగం తేడాను పట్టే నా యంత్రం ఆ బొట్టును పట్టింది, తోకనూ పట్టింది. అది బొట్టని మాత్రం చెప్పలేదు. చెప్పాల్సిన నేను దాన్ని నూనె ఆపే గుబ్బ చేసి కస్టమర్ల దాకా పంపించాను.

ముందు నవ్వింది ఇనుము కొనే ఆయన. చాయ్ పొలమారి దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత జాబర్ కాక మొదలుపెట్టాడు. ఆయన నవ్వు చూశాక నాకు ప్రాణం లేచొచ్చింది. ఆకురాయి తీసి గుబ్బ మీద పెట్టి, ఒక్క క్షణం ఆగి అవ్వ వైపు చూశాడు. గీకు, మల్ల పెడ్త అంది అవ్వ. ఆయన గీకుతుంటే సన్నటి ఇనుప పొడి బల్ల మీద రాలింది. నాకెందుకో దాన్ని ఊదేయబుద్ధి కాలేదు.

గుబ్బ పోయిన ట్యాపెట్‌ను మళ్లీ ఎక్కించారు. అవ్వ నిజం బొట్టు కలుపుకొచ్చింది.

"గీసారి బయిటివైపు పెట్టు వదినె. నీకు పున్నెముంటది" అన్నాడు కాక.

అవ్వ బయటివైపు పెట్టింది. బాపు స్విచ్ నొక్కాడు. సాంచ కదిలింది. నాడె అటూ ఇటూ దూకుతూనే ఉంది, టక్కు లేదు. జానెడు గుడ్డ నేసేదాకా బాపు దాని మీది నుంచి చెయ్యి తీయలేదు. తర్వాత ఇనుము కొనే ఆయనతో ఏదో గట్టిగా చెప్పాడు. చప్పుడులో ఆయనకు వినబడలేదు, నాకు వినబడింది. ఇంకో చాయ్ తాగి పొమ్మంటున్నాడు. అంతదూరం వచ్చిన మనిషి ఖాళీ ఆటోతో పోకూడదని, మూలన పడి ఉన్న పాత కూలర్ ఎత్తించి పంపాడు. పెద్ద షెడ్డులోకి కూలికి పోయే మాట మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

జాబర్ కాక ఈ కథను తనలో దాచుకునే మనిషి కాదు. వారం తిరగకముందే వాడంతటికీ తెలిసిపోయింది. నేను కంప్యూటర్‌లో బొట్టును శుభ్రంగా చెరిపేసి, మా మిగతా ఐదింటికీ, వాడలోని ఇంకో ఐదు సాంచాలకూ ట్యాపెట్లు కోయించాను. తెచ్చి పంచిన రోజే ఎదురింటి పెద్దాయన తనది వాపసు పట్టుకొచ్చాడు. కొలత తప్పిందేమోనని లాప్‌టాప్ తెరవబోయాను.

"మీ ఇంటిదానికి ఇనుప బొట్టు పెట్టి, మాకు బోడిది ఇస్తవా?" అన్నాడు.

మాదాని బొట్టు కూడా గీకేశామని, మిగతా ఐదూ బోడివేనని, అది ఉంటే అసలు సాంచే నడవదని అరగంట చెప్పాను. గీకితే ఏమాయె, పుట్టుకతోటి ఉండె కదా అన్నాడు. ఆయన వెనక ఇంకో ముగ్గురు నిలబడి ఉన్నారు. వాళ్ల చేతుల్లోనూ బోడి ట్యాపెట్లే. ఇక వాదించలేదు. మొదటి ఫైలును నేను ఎప్పుడూ చెరపలేదు. అందులోంచి అవ్వ బొట్టును తోకతో సహా కత్తిరించి, ఏదీ తగలని బయటివైపు ముఖం మీద అతికించాను. పదింటినీ వాపసు పంపి, బొట్టుతో కొత్తవి కోయించాను. ఇనుము కోసే అతను ఈసారి గుబ్బ గురించి ఏమీ అడగలేదు.

తన వేలిని గల్లీ గల్లీ తిప్పానని, ఒక్క మాటైనా అడగలేదని అవ్వ నన్ను తిట్టింది. తిడుతూనే కుంకుమ గిన్నె పట్టుకుని ఒక్కో షెడ్డుకూ పోయి, ఇనుప బొట్టు మీద మళ్లీ నిజం బొట్టు పెట్టి వచ్చింది. ఇనుపది లెక్కలోకి రాదట.

నూనె గుబ్బ గురించి మా సార్ ఇప్పటికీ కస్టమర్లకు చెబుతూనే ఉన్నారు. ఈమధ్య ఒకాయన బొమ్మ చూసి, గుబ్బ బయటివైపు ఉంటే లోపలి నూనెను ఎట్లా ఆపుతుందని అడిగాడు. సార్ నా వైపు చూశారు. ఇది మెరుగుపరిచిన డిజైన్ అని చెప్పి బయటపడ్డాను.

ఆ మెరుగుపరిచిన బొమ్మను మొదటిసారి అచ్చు తీసిన రోజే అడుగునున్న గడి దగ్గర నా చెయ్యి ఆగింది. రూపకల్పన చేసినవారు. పాత బొమ్మలో అక్కడున్న నా పేరు చెరిపేసి అవ్వ అని రాశాను. కాగితం తీసుకుపోయి సార్ ముందు పెట్టాను. ఆయన ఫోన్ మాట్లాడుతూ, ఎప్పటిలాగే చదవకుండా, ఆ పేరు పక్కన సంతకం పెట్టారు.